నీలిరంగు వెనుక ఆమ్లం

పిల్లలూ! యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో ఓడ ఎక్కి అమెరికాకు వచ్చారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పనిచేశారు. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే ఒక పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రం చదివేవారు దానిని నేటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు.

భాస్వరాన్ని కొలవడం ఎందుకని మీరు అడగవచ్చు. మన ఎముకలకు సున్నంతోపాటు భాస్వరం కూడా కావాలి. చిన్నపిల్లల కాళ్ళు వంగిపోయే రికెట్స్ అనే జబ్బులో రక్తంలోని భాస్వరం తగ్గుతుంది. కాబట్టి దాని లెక్క వైద్యునికి అవసరం. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వీరిద్దరూ కండరాలలో భాస్వరం ఏయే రూపాలలో దాగి ఉన్నదో కూడా వెదకి పట్టుకోగలిగారు.

కొలిచే విధానం వినడానికి సులువుగానే ఉంటుంది. ముందుగా ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం కలిపి రక్తంలోని మాంసకృత్తులను విరగగొట్టి వడకడతారు. తేటగా దిగిన నీటిలో, గంధకామ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్ ద్రావణాన్ని కలుపుతారు. తరువాత మరొక ద్రావణం కొద్దిగా చేరుస్తారు. కొన్ని నిమిషాలలో నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైతే రంగు ముదురుగా, తక్కువైతే లేతగా ఉంటుంది. భాస్వరం ఎంత ఉన్నదో ముందే తెలిసిన మరొక ద్రావణపు రంగుతో దీనిని పోల్చి లెక్క కడతారు.

రంగు చూడముచ్చటగా ఉంటుంది. కాని దానిని తెప్పించే సీసాల సంగతి వేరు. మొదటి సీసాలోని ఆమ్లం చర్మాన్ని తెల్లగా కాల్చివేస్తుంది. రెండవ సీసాలోనిది గంధకామ్లం. కార్ల బ్యాటరీలలో ఉండేది కూడా ఈ ఆమ్లమే. దానిలో కలిసిన మాలిబ్డేట్ కడుపులోకి పోతే హాని చేస్తుంది. ఈ రెండు సీసాలూ చూపుకు మంచినీళ్ళలాగే ఉంటాయి. రంగు లేదు, పొగ లేదు. అదే అసలు చిక్కు.

గంధకామ్లం గాఢంగా వస్తుంది. దానిని నీటితో పలుచన చేసుకోవాలి. ఇక్కడ ఒక్క సంగతి మీకు కంఠస్థంగా రావాలి. నీటిలో ఆమ్లాన్ని పోయాలి గాని, ఆమ్లంలో నీటిని పోయరాదు. రెండూ కలిసేవే కదా, ఏది ముందైతే ఏమిటి అనిపిస్తుంది. మీ అమ్మగారు పోపు వేసేటప్పుడు చూడండి. కాగిన నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుంది? చుక్క అడుగుకు దిగి, చటుక్కున ఆవిరై, నూనెను నలువైపులా చిమ్ముతుంది. ఆమ్లం విషయంలోనూ చిమ్మేది ఆవిరే. అయితే ఇక్కడ పొయ్యి లేదు. నీరు, ఆమ్లం కలిసినపుడు వాటిలోనే విపరీతమైన వేడి పుడుతుంది. గాఢ గంధకామ్లం నీటికంటే దాదాపు 1.84 రెట్లు బరువు. అందుచేత పైనుంచి పోసిన నీరు ఆమ్లం మీదనే తేలుతుంది. అవి కలిసే చోట ఆ కొద్ది నీరు ఒక్కసారిగా మరిగి, ఆమ్లాన్ని వెంటబెట్టుకుని ముఖం మీదికి చిమ్ముతుంది. అదే ఆమ్లాన్ని నీటిలో పోస్తే, బరువైనది కనుక అడుగుకు దిగుతూ కలుస్తుంది. పుట్టిన వేడిని చుట్టూ ఉన్న నీరంతా పంచుకుంటుంది. అప్పుడు కూడా సన్నని ధారగా, గాజుకడ్డీతో కలుపుతూ, ఆగి ఆగి పోయాలి. తొందర పనికిరాదు. గిన్నె చేతికి వెచ్చగా తగులుతూ ఉంటే చల్లారేవరకు ఆగవలసిందే. ఈ పని మీ ఉపాధ్యాయులు చేస్తారు, మీరు ఎడంగా నిలబడి చూడాలి.

పలుచన చేసిన తరువాత భయం పోయిందనుకోకండి. బల్లమీద పడిన పలుచని ఆమ్లపు చుక్క అలాగే వదిలితే, దానిలోని నీరు మెల్లగా ఆవిరైపోతుంది. ఆమ్లం మాత్రం ఆవిరి కాదు, అక్కడే గాఢమవుతుంది. మరునాడు దానిమీద చేయి ఆనించిన పిల్లవాడికి ఎక్కడ కాలిందో అర్థం కాదు. నూలు చొక్కా మీద చుక్క పడితే, ఆరిన తరువాత అక్కడ చిల్లు పడుతుంది.

సుబ్బారావు గారి కాలంలో ద్రావణాన్ని కొలిచే పిపెట్టును నోట పెట్టి, మనం స్ట్రాతో పానీయం తాగినట్లు పీల్చడం ప్రయోగశాలల్లో మామూలు. కొంచెం ఎక్కువ పీలిస్తే ఆమ్లం నేరుగా నాలుక మీదికే వస్తుంది. నేడు అలా పీల్చనివ్వరు. రబ్బరు బుడగతోనో, చిన్న యంత్రంతోనో పైకి లాగుతారు. చేతికి అందనంత దూరంలో బుడగ ఉన్నా లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. ఈసారికి ఫరవాలేదు అనరాదు.

చూపుకు నీళ్ళలా ఉన్న సీసాలో ఏమున్నదో మనకు ఎవరు చెబుతారు? దానిమీది చీటీయే చెప్పాలి. అమెరికాలో 2012లో సవరించిన నియమం ప్రకారం, ఇలాంటి సీసాల మీద ఎర్ర అంచుతో, మూలమీద నిలబెట్టిన పలక ఆకారంలో గుర్తులు ఉంటాయి. చేతిమీదా, లోహం మీదా చుక్కలు పడి తినివేస్తున్నట్లు బొమ్మ ఉంటే అది శరీరాన్ని కాల్చేది. పుర్రె, ఎముకలు ఉంటే విషం. పక్కనే ‘డేంజర్’ అని ఉంటే ‘వార్నింగ్’ కంటే తీవ్రమైనదని అర్థం. ప్రతి రసాయనానికీ 16 భాగాల వివరపత్రం కూడా ఉంటుంది. అందులో నాలుగవ భాగం ప్రథమ చికిత్స, ఎనిమిదవ భాగం ఏ కళ్ళద్దాలు, ఏ చేతి తొడుగులు ధరించాలో చెబుతుంది.

తొడుగు వేసుకున్నాము కదా అని ధైర్యపడడం కూడా ప్రమాదమే. పలుచని నైట్రైల్ తొడుగు గాఢ గంధకామ్లానికి ఎంతోసేపు ఆగదు. ఇంతకంటే ఘోరమైన సంగతి ఒకటి న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో జరిగింది. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కారెన్ వెటర్‌హాన్ విషలోహాలను పరిశోధించేవారు. 1996 ఆగస్టులో ఆమె డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరస ద్రవంతో పనిచేస్తూ ఉండగా, చేతి తొడుగు మీద ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. అప్పటికి మంచివనుకున్న జాగ్రత్తలన్నీ ఆమె తీసుకున్నారు. చేయి మండలేదు, నొప్పి లేదు. నెలలు గడిచిన తరువాత నడక తూలింది, మాట తడబడింది. 1997 జూన్‌లో, 48 ఏళ్ళ వయసులో ఆమె మరణించారు. ఆ ద్రవం అలాంటి రబ్బరు తొడుగులోనుంచి క్షణాలలో దిగిపోతుందని తరువాత చేసిన పరీక్షలలో తేలింది. ఏ ద్రావణానికి ఏ తొడుగో వివరపత్రం చూసి ఎంచుకోవాలని అంతగా చెప్పేది ఇందుకే.

మీ ఇళ్ళలోనూ ఇటువంటివి ఉంటాయి. మురుగు గొట్టాలు శుభ్రం చేసే ద్రవాలలో కొన్ని గాఢమైన ఆమ్లాలు, కొన్ని గాఢమైన క్షారాలు. మిగిలినదానిని సోడా సీసాలో పోసి దాచడం కొందరికి అలవాటు. దాహం వేసిన తమ్ముడికి అది సోడా సీసాగానే కనిపిస్తుంది. అలాంటిది ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. వెంటనే పెద్దలను పిలవండి. విషాల గురించి సలహా ఇచ్చే 1-800-222-1222 నంబరుకు దేశంలో ఎక్కడినుంచైనా రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా 911కు చేయాలి.

నీలిరంగు ప్రయోగం అయిపోయాక మిగిలిన ద్రావణాన్ని తొట్టిలో పారబోయరాదు. చీటీ అంటించిన వ్యర్థాల సీసాలో పోయాలి.

ఒంటిమీద ఆమ్లం పడితే కుళాయి కిందికి పరుగెత్తాలి. తడిసిన బట్ట తీసివేసి, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. వంటసోడా చల్లితే ఆమ్లం విరుగుతుంది కదా అని వెదుకుతూ కూర్చోకండి. ఆ విరుగుడు కూడా వేడి పుట్టిస్తుంది, కాలమూ పోతుంది. కంట్లో పడితే రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని, కళ్ళు నలువైపులా తిప్పుతూ అంతసేపూ కడగాలి, తరువాత వైద్యునికి చూపించాలి. ఇందుకోసమే బడి ప్రయోగశాలలో కళ్ళు కడిగే కుళాయి ఉంటుంది. దాదాపు 10 సెకండ్ల నడకలో దానిని చేరుకోగలగాలని ప్రమాణం. రేపు మీ బల్ల దగ్గరనుంచి దానివైపు ఒకసారి నడిచి లెక్కపెట్టండి. దారిలో ఎవరి పుస్తకాల సంచీ అయినా అడ్డంగా ఉంటే తీయించండి. కంట్లో ఆమ్లం పడినవాడు ఆ సంచీని చూడలేడు.