మొంబాసా తీరానికి వెళ్తూ మసాయి మారా ఎందుకు?

ప్రశ్న: డిసెంబరులో పిల్లలకు సెలవులు. న్యూజెర్సీ నుంచి కెన్యా వెళ్లి వారం రోజుల్లో మసాయి మారా, డయానీ బీచ్ రెండూ చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు, కానీ మారాను వదిలేయమంటాను. అక్కడికి జనాన్ని లాగేది విల్డబీస్ట్‌ల వలస. అవి మారాలో ఉండేది దాదాపు జులై నుంచి అక్టోబరు దాకా. మీరు వెళ్లేసరికి మందలు టాంజానియా వైపు దిగిపోయి ఉంటాయి. పైగా మారా దేశానికి నైరుతి మూల, డయానీ ఆగ్నేయ తీరం. ఉన్న వారంలో కొంత ప్రయాణాలకే పోతుంది. దారిలోనే ఉన్న త్సావో జాతీయ పార్కులు అలా కాదు. తూర్పు, పడమర పార్కులు కలిపితే తెలంగాణలో ఐదో వంతు. నైరోబీ–మొంబాసా రైలు (2017లో మొదలైంది) వాటి మధ్యగానే వెళ్తుంది. వోయి స్టేషన్‌లో దిగి రెండు రాత్రులుండి, మళ్లీ రైలెక్కితే డయానీకి దగ్గరి మొంబాసా.

త్సావోలో పొదలు దట్టం, సింహాలు, చిరుతలు మారాలో కనిపించినంత తేలిగ్గా కనిపించవంటారు. నిజమే. నవంబరు వానల తర్వాత పచ్చదనం ఇంకా అడ్డొస్తుంది. కానీ ఎర్రమట్టి పూసుకుని తిరిగే ఏనుగుల గుంపులు అక్కడి ప్రత్యేకత, పిల్లలకు అవి చాలు. సింహాలు, చిరుతలే కావాలంటే బీచ్ మానుకుని వేసవి సెలవుల్లో మారాకే వెళ్లండి. రెండూ కావాలనుకోవడమే చిక్కు. మలేరియా భయం తీరంలోనూ ఉంది, త్సావోలోనూ ఉంది. మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి కాబట్టి పిల్లల డాక్టర్‌ని నవంబరులోనే కలవండి. 2024 నుంచి వీసాకు బదులు ఆన్‌లైన్ అనుమతి వచ్చింది, పిల్లలకూ విడివిడిగా తీసుకోవాలి.