నీళ్ల రిపోర్టు చదవడం ఎలా?

నీళ్లు తేటగా, తియ్యగా ఉంటే మంచివని, ఉప్పగా ఉంటే చెడ్డవని మనవాళ్ల లెక్క. నాలుక ఉప్పును పట్టగలదు గాని ఫ్లోరైడును, నైట్రేటును పట్టలేదు. అందుకే పరీక్ష కావాలి. పరీక్ష చేయించినా ఆ కాగితం చదవటం రాకపోతే ప్రయోజనం ఉండదు.

మన దేశంలో తాగునీటికి ఐ.ఎస్. 10500 అనే ప్రమాణం ఉంది. 1983లో వచ్చింది, 2012లో రెండోసారి సవరించారు. ఇందులో చాలా పదార్థాలకు రెండు హద్దులుంటాయి. మొదటిది, నీళ్లు ఇంతలోపు ఉండాలి అనే హద్దు. రెండోది, వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే సర్దుకొమ్మనే హద్దు. ఈ తేడాయే అసలు పాఠం.

ఒక బోరు నీటి రిపోర్టు ఇలా ఉందనుకుందాం. లీటరుకు మిల్లీగ్రాముల్లో: కరిగిన లవణాలు, అంటే టి.డి.ఎస్. 900, ఫ్లోరైడు 1.4, నైట్రేటు 60. ఇ. కోలై క్రిములు లేవు.

టి.డి.ఎస్.కు హద్దులు 500, 2000. ఫ్లోరైడుకు 1.0, 1.5. కాబట్టి ఈ రెండూ "హద్దులోనే ఉన్నాయి" అని ఎవరైనా అనొచ్చు. కాని అది రెండో హద్దు. దగ్గరలో వేరే మంచినీళ్లు దొరికే ఊరికి అది వర్తించదు. ఇక నైట్రేటుకు ఉన్నది ఒకటే హద్దు, 45. ఇందులో సడలింపు లేదు. 60 ఉన్న నీళ్లు పసిపిల్లలకు పట్టకూడదు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. మనం చేలకు వేసే యూరియా, పశువుల పేడ, మరుగుదొడ్ల గుంటలు, వీటినుంచే నైట్రేటు భూమిలోకి దిగుతుంది.

"కాచి తాగితే సరి" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం పోవు. నీరు ఆవిరైన కొద్దీ అవి మరింత చిక్కబడతాయి.

ఫ్లోరైడు సంగతి మనకు కొత్త కాదు. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే ఈ జబ్బును గురించి డాక్టర్లు 1937లోనే రాశారు. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే పెట్టారు.

కుళాయి నీటి రిపోర్టులో మరొకటి చూడాలి: శాంపిలు ఎక్కడ, ఏ తేదీన పట్టారు? ట్యాంకు దగ్గర క్లోరిన్ బాగానే ఉండొచ్చు. క్లోరిన్ కలిపిన నీళ్లయితే చివరింటి కుళాయిలో కూడా కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. దారిలో పైపు పగిలి మురుగు కలిస్తే కాపాడేది అదే.

ప్రాక్టికల్స్‌లో మనం నీటి కఠినత్వం కొలిచి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుంటాం. ఆ విద్య రికార్డు పుస్తకంలోనే ఆగిపోకూడదు. సెలవులకు ఊరెళ్లినప్పుడు పంచాయతీలో నీటి రిపోర్టు అడుగుదాం. రెండు హద్దుల్లో ఏది చూసి "బాగున్నాయి" అన్నారో చదివి, నలుగురికీ విడమరచి చెబుదాం. సైన్సు చదివినందుకు మన ఊరికి మనం చేయగల మొదటి సాయం అది.