వీసా ఫోటోకి స్కిన్ రీటచింగ్: ఎంతవరకు ఓకే, ఎక్కడ ఆపాలి?

డీఎస్-160 ఫారం నింపేవాళ్ళలో చాలామందికి ఫోటో అప్‌లోడ్ దగ్గరకి రాగానే ఒకే డౌట్ వస్తుంది. "చెంప మీద మొటిమ ఒక్కటి తీసేస్తే ఏమవుతుంది?" ఫోటో స్టూడియోలో అయితే ఈ డౌట్ కూడా రాదు. మనం అడక్కుండానే ముఖం నున్నగా చేసి, రెండు షేడ్లు తెల్లగా చేసి చేతిలో పెడతారు. పెళ్ళి ఆల్బమ్‌కి అది ఓకే. ఐడీ ఫోటోకి మాత్రం పనికిరాదు.

ముందు రూల్ ఏంటో చూద్దాం. అమెరికా వీసాకి అప్‌లోడ్ చేసే ఫోటో చతురస్రంగా ఉండాలి. సైజు 600x600 నుంచి 1200x1200 పిక్సెల్స్, జేపెగ్ ఫార్మాట్, 240 కేబీ దాటకూడదు. గత 6 నెలల్లో తీసినదై ఉండాలి, కళ్ళజోడు ఉండకూడదు (ఇది 2016 నవంబర్ నుంచి ఉన్న రూల్). మీ రూపం మారేలా డిజిటల్‌గా ఏ మార్పూ చేయకూడదు. పాస్‌పోర్ట్ ఫోటోల విషయంలో అమెరికా విదేశాంగ శాఖ ఇంకా సూటిగా చెప్తుంది: సాఫ్ట్‌వేర్, ఫోన్ యాప్స్, ఫిల్టర్లు, ఏఐ, వేటితోనూ ఫోటోని మార్చొద్దని. ఇందులో "మొటిమకి మినహాయింపు" అని ఎక్కడా లేదు.

అంటే క్రాప్ చేయడం, సైజు తగ్గించడం వరకు ఓకే, అవి లేకుండా అప్‌లోడే కుదరదు. వెలుతురు తక్కువైనా, రంగు పసుపుగా వచ్చినా ఎడిట్ చేయడం కంటే ఇంకో ఫోటో తీసుకోవడం మేలు. చర్మం మీద నిజంగా ఉన్నదాన్ని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

ఇంత స్ట్రిక్ట్ ఎందుకు అంటారా? ఆ ఫోటోని మనిషి ఒక్కడే చూడడు, సాఫ్ట్‌వేర్ కూడా చూస్తుంది. 2014లో ఇటలీ పరిశోధకులు కొందరు ఇద్దరి ముఖాలని కలిపి ఒకే ఫోటోగా చేసి, దాన్ని ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ ఆ ఇద్దరికీ మ్యాచ్ చేసేస్తోందని చూపించారు. అంటే ఒక పాస్‌పోర్ట్ మీద ఇద్దరు తిరగొచ్చన్నమాట. దీన్నే మార్ఫింగ్ అంటున్నారు. ఈ భయంతోనే జర్మనీ 2025 మే నుంచి పాస్‌పోర్ట్‌కి ప్రింట్ ఫోటోలు తీసుకోవడం మానేసింది. ఆఫీసులోనే తీయాలి, లేదా గుర్తింపు ఉన్న ఫోటోగ్రాఫర్ నేరుగా ఆన్‌లైన్‌లో పంపాలి. ఇక బ్యూటీ ఫిల్టర్ సంగతికొస్తే, అది చర్మం మీది సూక్ష్మ రంధ్రాలు, గీతలు తుడిచేస్తుంది. రెండు ముఖాలు కలిపినప్పుడు కూడా చర్మం అలాగే నున్నగా అయిపోతుంది. మీరు అందం కోసం చేసింది, అవతల చూసేవాళ్ళకి అనుమానంగా కనిపించే అవకాశం ఉంది.

పుట్టుమచ్చల సంగతి వేరేగా చెప్పాలా? మన పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలు అని రాసేది వాటినే కదా. కాగితం మీద "కుడి చెంపపై పుట్టుమచ్చ" అని ఉండి, ఫోటోలో చెంప అద్దంలా ఉంటే ఎలా? పాత గాటు, పుట్టుకతో వచ్చిన మచ్చ, బొల్లి మచ్చలు, ఇవన్నీ అలాగే ఉండాలి.

మొటిమ మాత్రం వారంలో పోతుంది, నిజమే. కానీ మొటిమ ఉందని ఎవరూ ఫోటో రిజెక్ట్ చేయరు, ఒక్క మొటిమతో ఫేస్ మ్యాచింగ్ దెబ్బతినదు. మరి తీసేసి లాభం ఏంటి? మరీ ఇబ్బందిగా ఉంటే నాలుగు రోజులు ఆగి ఫోటో దిగండి, లేదా కాస్త కన్సీలర్ రాసుకోండి. రూల్ ఉన్నది ఫోటో మార్చడం గురించి, రోజూ వేసుకునే మేకప్ గురించి కాదు.

రంగు తేల్చడం గురించి కూడా నాకో కంప్లైంట్ ఉంది. "కొంచెం బ్రైట్ చేశా అన్నా" అని స్టూడియోలో చెప్పే మాటకి అర్థం చామనఛాయని తెలుపు చేయడమే. ఇండియన్ పాస్‌పోర్ట్ రూల్స్ కూడా చర్మం రంగు సహజంగా కనిపించాలనే చెప్తాయి. ఆ ఫోటో మీ పాస్‌పోర్ట్ మీద 10 ఏళ్ళు ఉంటుంది. ప్రతి ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గరా ఆ తెల్లటి ముఖాన్ని మీ ముఖంతో పోల్చుకుంటారు. అందుకే స్టూడియోకి వెళ్తే కూర్చోకముందే "రీటచ్ వద్దు, కలర్ మార్చొద్దు" అని చెప్పండి. తీశాక చెప్తే లాభం లేదు, అప్పటికే వాళ్ళ చెయ్యి అలవాటుగా పని కానిచ్చేస్తుంది.

ఫోన్‌తో తీస్తే ప్రమాదం ఇంకో రకం. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకి బ్యూటీ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది, మనం ఎడిట్ చేయకపోయినా ఫోటో ఎడిట్ అయిపోయే వస్తుంది. గూగుల్ 2020లో పిక్సెల్ 4ఏ నుంచి దీన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేసింది, అన్ని కంపెనీలూ అలా చేయలేదు. కెమెరా యాప్‌లో బ్యూటీ, రీటచ్, ఫిల్టర్, ఏ పేరుతో ఉన్నా సున్నాకి తెచ్చేయండి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, చెవుల అంచులు, జుట్టు బ్లర్‌లో కలిసిపోతాయి. ఒక టెస్ట్: ఫోటోని బాగా జూమ్ చేసి చెంప, కనుబొమ్మలు చూడండి. వెంట్రుకలు విడివిడిగా, చర్మం గరుకుగా కనిపిస్తే సరే. మైనంలా ఉంటే ఎక్కడో ఏదో ఆన్‌లో ఉన్నట్టే.

అసలు సెల్ఫీనే వద్దంటాను. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ఫోన్ ఇంకొకరికి ఇచ్చి, వెనక కెమెరాతో 5 అడుగుల దూరం నుంచి తీయించుకోండి. తెల్ల గోడకి రెండు అడుగులు ముందు నిలబడితే నీడ పడదు. కిటికీ ఎదురుగా, పగటి వెలుతురులో అయితే రీటచ్ చేయాలన్న ఆలోచన కూడా సగం తగ్గుతుంది.

ఇప్పుడు కొత్తగా ఏఐకి సెల్ఫీ ఇచ్చి "పాస్‌పోర్ట్ ఫోటో చెయ్యి, కోటు వెయ్యి" అని అడుగుతున్నారు. అది కోటు ఒక్కటే వేసి ఊరుకోదు, చాలాసార్లు ముఖాన్ని కూడా మళ్ళీ గీస్తుంది. వచ్చేది మీలాంటి ఇంకెవరో. దాని జోలికి వెళ్ళొద్దు.

చివరగా, ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్ దాచుకోండి, మళ్ళీ అప్‌లోడ్ చేయాల్సి వస్తే దాని నుంచే క్రాప్ చేయొచ్చు. కన్సల్టెన్సీ వాళ్ళకి వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే దారిలోనే కంప్రెస్ అయిపోతుంది.