కరువు సీమలో వసంతం

ఉద్దేశం

పంట, పశువు అనే రెండు ఆధారాల మీద నిలిచిన మెట్టసేద్యం వర్షాభావం వల్ల ఎట్లా చితికిపోతుందో, ఆ నష్టాన్ని వసంతకాలపు వాతావరణం ఎట్లా బయటపెడుతుందో అనంతపురం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చైత్ర వైశాఖ మాసాలు వసంత ఋతువు. కావ్యాలలో వసంతం రాగానే మావిళ్ళు చిగురిస్తాయి, కోకిలలు కూస్తాయి, మలయమారుతం వీస్తుంది. తెలుగువారి సంవత్సరం కూడా ఈ ఋతువుతోనే ఆరంభమవుతుంది. ఉగాదినాడు గ్రామ ప్రజలు దేవాలయంలోనో, రచ్చబండ దగ్గరో చేరి పంచాంగ శ్రవణం చేస్తారు. రాశిఫలాల కంటె ముందు రైతు చెవియొగ్గి వినేది ఆ ఏటి వానల సంగతి. ఏ పైరు పండుతుంది, పశువులకు క్షేమమా కాదా అనే సంగతి. కొత్త సంవత్సరంలో రైతు మొదటి ప్రశ్న వానను గురించి, రెండవ ప్రశ్న పశువును గురించి. ఈ రెండు ప్రశ్నలకూ విడదీయరాని సంబంధం ఉంది.

కావ్యాలలోని వసంతం వేరు, మెట్టరైతు వసంతం వేరు. తెలుగునాట చైత్ర వైశాఖాలు ఎండలు ముదిరే మాసాలు. మార్చి నుండి మే వరకు ఉన్న కాలాన్ని వాతావరణ శాస్త్రజ్ఞులు వేసవిగానే పరిగణిస్తారు. మెట్టరైతుకు అది లెక్కలు చూసుకొనే కాలం. గడిచిన ఋతుపవనాలు ఎట్లా నడిచాయో ఇంటి వెనుక గడ్డివాము ఎత్తు చెబుతుంది. బావిలోని నీటిమట్టం చెబుతుంది. కొట్టంలోని ఎద్దు డొక్క చెబుతుంది. వాన జూన్‌లో తప్పవచ్చు, ఆగస్టులో తప్పవచ్చు. ఆ తప్పిన వాన ఫలితం పూర్తిగా అనుభవానికి వచ్చేది మాత్రం వసంతంలోనే.

ఈ విషయం స్పష్టంగా కనిపించే ప్రాంతం రాయలసీమలోని అనంతపురం. 2022లో ఈ జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. దేశంలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఇది ఒకటి. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుండి మోసుకొని వచ్చే తేమలో అధిక భాగం పడమటి కనుమల ఆవలి వైపునే వర్షిస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. రెండు సముద్రాల నడుమ ఉండి రెంటికీ దూరమైన నేల ఇది. పైగా ఇక్కడి ఎర్రనేలలు లోతు తక్కువైనవి. పడిన నీటిని ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే పైరు తల వాలుస్తుంది.

కరువు ఈ సీమకు కొత్త కాదు. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామాన్ని ప్రజలు ఆ తెలుగు సంవత్సరం పేరుతో ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో ప్రత్యేక జిల్లా అయింది. ఇటీవలి కాలంలో 2002వ సంవత్సరం చెప్పుకోదగింది. ఆ ఏడు దేశమంతటా ఋతుపవనాలు విఫలమయ్యాయి. జూలైలో కురవవలసిన వానలో దాదాపు సగమే కురిసింది.

ఒకప్పుడు ఈ నేలలో జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక వంటి పైర్లు ఎక్కువగా పండేవి. గింజ మనిషికి, చొప్ప పశువుకు దక్కేవి. కాలక్రమంలో నగదు పంటగా వేరుశనగ ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఒక దశలో జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా భూమిలో ఈ ఒక్క పంటే సాగయింది. జూన్, జూలై మాసాలలో విత్తిన వేరుశనగ సుమారు నెల రోజులకు పూతకు వస్తుంది. పూత రాలిన తరువాత మొక్క నుండి ఊడలు దిగి నేలలోనికి చొచ్చుకొని పోతాయి. వాటి కొనలే కాయలవుతాయి. ఈ దశలో నేల మెత్తగా ఉండాలి. వాన లేక నేల గట్టిపడితే ఊడ దిగదు. దిగినా కాయ ఊరదు. పైరు చూపులకు పచ్చగానే ఉన్నా పీకి చూస్తే వేళ్ళ దగ్గర కాయలు కనిపించవు.

కాయ పోయినా కట్టె మిగిలితే రైతు కొంత ఊరట పొందుతాడు. కాయలు వలిచిన తరువాత మిగిలే వేరుశనగ కట్టె మంచి పశుగ్రాసం. వరిగడ్డి కంటె ఇందులో మాంసకృత్తులు ఎక్కువ. అయితే కరువు తీవ్రమైన ఏడు కట్టె కూడా దక్కదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. సేద్యపు ఎద్దుకు రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావాలి. జత ఎద్దులకు 16 కిలోలు. ఫాల్గుణం నుండి జ్యేష్ఠం చివరి వరకు నాలుగు నెలలు, అనగా 120 రోజులు, బీడులో పచ్చిక ఉండదు. ఈ కాలానికి ఒక జతకు 1,920 కిలోల మేత నిలువ ఉండాలి. ఐదెకరాల రైతుకు ఎకరాకు 800 కిలోల చొప్పున కట్టె వచ్చిందనుకొంటే వామిలో 4,000 కిలోలు చేరుతాయి. ఎద్దులకు పోగా మిగిలినది ఆవుకు, దూడకు సరిపోతుంది. పంట మూడవ వంతుకు పడిపోయిందనుకొంటే వామిలో చేరేది 1,300 కిలోలు మాత్రమే. ఆవుకు ఒక్క పరక వేయకపోయినా అది ఎద్దులకు 80 రోజులు వస్తుంది. వైశాఖం సగం గడిచేసరికి వాము అడుగంటుతుంది. తొలకరికి ఇంకా నెలకు పైగా గడువు ఉంటుంది.

రైతుకు కఠిన పరీక్ష ఈ దినాలలోనే ఎదురవుతుంది. అప్పు చేసి గడ్డి కొనాలా, లేక ఎద్దులను సంతకు తోలాలా? వాము ఇంకా కొంత ఉన్నప్పుడే అమ్మితే ఎద్దులకు కండ ఉంటుంది, ధర వస్తుంది. కాని ముందుగా ఒక మంచి వాన పడుతుందేమోనన్న ఆశ అతనిని ఆపుతుంది. ఆశతో నెల రోజులు ఆగితే ఎద్దుల డొక్కలు లోపలికి పోతాయి. అప్పటికి ఊరిలోని రైతులందరూ అదే సంతకు పశువులను తోలుకొని వస్తారు. అమ్మేవారు ఎక్కువై కొనేవారు తక్కువైనప్పుడు ధర పడిపోతుంది. వానలు పడిన తరువాత అందరికీ ఎద్దులు కావాలి. అప్పుడు ధర పెరుగుతుంది. తక్కువకు అమ్మి ఎక్కువకు కొనవలసిన ఈ స్థితిలో చిన్నరైతు మరల జతను సంపాదించలేడు.

ఎద్దులు పోవడంతో నష్టం ముగియదు. కొట్టం ఖాళీ అయితే పేడ ఉండదు, దిబ్బ పెరగదు. పశువుల ఎరువు అందని ఎర్రనేల తేమను నిలుపుకొనే గుణాన్ని మరింత కోల్పోతుంది. తొలి పదును దొరికినప్పుడు గొర్రు తోలడానికి, కలుపు తీయడానికి గుంటక తోలడానికి బాడుగ ఎద్దుల కోసమో, ట్రాక్టరు కోసమో వేచి ఉండవలసి వస్తుంది. మెట్టసేద్యంలో పదును రెండు మూడు రోజుల ముచ్చట. అది ఆరిపోతే ఆ అదను మరల రాదు. ఈ విధంగా పంట నుండి పశువుకు సోకిన కరువు పశువు నుండి మరుసటి ఏటి పంటకు సోకుతుంది. ఒక్క ఏడాది వాన తప్పితే రెండు మూడేళ్ళ వరకు రైతు కోలుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఎండ తీవ్రత పాడి పశువులను కూడా బాధిస్తుంది. గేదె చర్మం నల్లనిది; చెమట గ్రంథులు తక్కువ. అందువల్ల అది వేడిని ఆవు కంటె తక్కువగా ఓర్చుకొంటుంది. చెరువులో నీరుంటే మునిగి సేదదీరుతుంది. చెరువు ఎండితే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, ఎదకు వచ్చినా ఆ లక్షణాలు సరిగా బయటపడవు. అందువల్ల ఈత ఆలస్యమై మరుసటి ఏటి పాడి కూడా దెబ్బతింటుంది.

గొర్రెల కాపరుల జీవనం మరొక విధమైనది. 2019 పశుగణన ప్రకారం దేశంలో అత్యధిక సంఖ్యలో గొర్రెలు గల రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.91 కోట్లు. తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. మెట్ట ప్రాంతాల గొల్లలు, కురుబలు ఎండకాలంలో మందలను తోలుకొని అడవుల అంచులకు, కోతలు ముగిసిన మాగాణులకు వలసపోతారు. పగలు మంద కొయ్యకాళ్ళను మేస్తుంది. రాత్రి పొలంలో పడుకొంటుంది. మంద కట్టినందుకు పొలం యజమాని కాపరికి ధాన్యమో, డబ్బో ఇస్తాడు. కాపరికి మేత, పొలానికి ఎరువు దొరుకుతాయి. పాడిపంటల పరస్పర సంబంధానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

ఇన్ని కష్టాల నడుమ వసంతంలో ఒక వాన పడితే మేలే కదా అనిపిస్తుంది. మేలు ఉంది, కీడూ ఉంది. మితంగా కురిసిన జల్లు మామిడికాయ ఊరడానికి తోడ్పడుతుంది. ఈదురుగాలితో, వడగండ్లతో వస్తే కాయంతా నేలపాలవుతుంది. 2022 మార్చి నెలలో దేశం అంతకుముందు ఏ మార్చిలోనూ నమోదు కానంత వేడిని చవిచూసింది. మరుసటి ఏడు, 2023 మార్చిలో, తెలంగాణలో అకాల వర్షాలు, వడగండ్లు మొక్కజొన్నను, మామిడిని దెబ్బతీశాయి. ఒకే మాసం ఒక ఏడు మండించింది, మరొక ఏడు ముంచింది.

వసంతపు జల్లు వల్ల పశువుకు ఒక ప్రమాదం ఉంది. వాన లేక గిడసబారిన జొన్న మోళ్ళు చిన్న జల్లు పడగానే పిలకలు వేస్తాయి. ఆకలిగొన్న పశువు ఆ పచ్చదనాన్ని చూసి మేస్తుంది. ఆ లేత పిలకలలో సైనైడు విషం పుట్టించే పదార్థం అధికంగా ఉంటుంది. క్షణాలలో పశువు కూలిపోవచ్చు. తొలకరికి మొలిచిన లేతగడ్డిని ఆబగా మేసిన గొర్రెలకు చిటుక రోగం సోకే అవకాశం ఉంది. అందుకే వానలకు ముందుగానే టీకా వేయిస్తారు.

అదే జల్లు ఎద్దులున్న రైతుకు వరమవుతుంది. అతడు వెంటనే వేసవి దుక్కి దున్నుతాడు. గుల్లబారిన నేల తరువాతి వాన నీటిని లోనికి తీసుకొంటుంది. వేరుశనగను తినే ఎర్రగొంగళి పురుగు ప్యూపాలు నేలలో దాగి ఉంటాయి. దుక్కిలో బయటపడి ఎండకు చస్తాయి, లేదా పక్షులకు ఆహారమవుతాయి. వాన అందరి పొలంలోనూ పడినా ఉపయోగించుకోగలిగేది పశువును నిలుపుకొన్న రైతే.

కనుక కరువును ఎదుర్కొనడమంటే వాన కోసం ఎదురుచూడడం మాత్రమే కాదు. పంటకూ పశువుకూ గల బంధాన్ని తెగకుండా కాపాడుకోవడం. పూర్వులు చెరువులు తవ్వించడంలోని ఉద్దేశం ఇదే. కడప జిల్లా పోరుమామిళ్ళలోని 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను, నివారించవలసిన దోషాలను వివరించింది. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. దాని కింద అనేక గ్రామాలలో నీటి కుంటలు తవ్వారు. హంద్రీ–నీవా కాలువ ద్వారా 2012లో కృష్ణాజలాలు జీడిపల్లి జలాశయానికి చేరాయి.

అయినా సీమలోని ప్రతి పొలానికీ కాలువ రాదు. వర్షాధారపు రైతు తన చేతిలోని ఉపాయాలను కూడా పాటించాలి. వేరుశనగలో కంది సాళ్ళు వేస్తే ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది. అదను దాటిన తరువాత వాన పడితే ఉలవ చల్లవచ్చు. గింజ తక్కువైనా మేత వస్తుంది. గట్ల మీద అవిసె, సుబాబుల్ వంటి చెట్లు పెంచితే ఎండకాలంలో పచ్చిఆకు దొరుకుతుంది. మంచి ఏటి పచ్చిమేతను పాతరవేసి నిలువ చేయవచ్చు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి సమంగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే ఆ గడ్డి పోషక విలువ పెరుగుతుంది. ఇవి కరువును రాకుండా ఆపలేవు. వామును మరికొన్ని వారాలు నిలుపగలవు. ఎద్దులు సంతకు పోవడానికీ, కొట్టంలో నిలవడానికీ మధ్య ఉన్న దూరం ఆ కొన్ని వారాలే.

జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగుతుంది. రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టి, కాడి కట్టి మొదటి సాలు దున్నుతాడు. ఆనాడు కట్టడానికి ఎద్దులు మిగిలి ఉన్న ఇంట కరువు ఓడిపోయినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

మెట్ట : వర్షం మీద ఆధారపడి సేద్యం చేసే భూమి
పదును : విత్తడానికి తగిన నేల తడి
అదను : తగిన సమయం
గొర్రు : విత్తనాలు విత్తే పనిముట్టు
గుంటక : కలుపు తీయడానికి, నేలను గుల్లచేయడానికి ఎద్దులతో తోలే పనిముట్టు
మాగాణి : నీటివసతి గల వరిపొలం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కరువు పంట నుండి పశువుకు, పశువు నుండి పంటకు ఎట్లా సంక్రమిస్తుందో వివరించండి.
2. వసంతకాలపు వానల వల్ల కలిగే మేలును, కీడును పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అనంతపురం ప్రాంతంలో వర్షపాతం తక్కువగా ఉండడానికి కారణాలేవి?
2. మంద కట్టడం వల్ల కాపరికి, రైతుకు కలిగే ప్రయోజనాలు తెలపండి.

III. సంధులు
వర్షాభావం = వర్ష + అభావం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధిక = అతి + అధిక – యణాదేశ సంధి

IV. సమాసాలు
పాడిపంటలు – పాడియును, పంటయును – ద్వంద్వ సమాసం
గడ్డివాము – గడ్డి యొక్క వాము – షష్ఠీ తత్పురుష సమాసం