‘సిక్’ అంటే జబ్బేనా?



దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మగారు ముందుగా మార్కుల గురించి అడగలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. తంగేడు, గునుగు, బంతిపూలతో నడుము ఎత్తు పేర్చిన సద్దుల బతుకమ్మ. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే, డాలస్‌లో పుట్టి పెరిగిన మేనల్లుడు కింద ఇలా రాశాడట: “అత్తా, దిస్ ఈజ్ సిక్!”

“పొద్దున నాలుగు గంటలకు లేచి పేర్చిన టీచర్. దానికి జబ్బు అంటడా? రెండు రోజులు మా తమ్ముని ఫోన్ ఎత్తలే” అన్నారావిడ.

“మస్తుంది అన్నడు మమ్మీ. చెప్తే వినవు” అంది అమ్మాయి.

“డిక్షనరీల చూసిన. జబ్బు అనే ఉంది.”

ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు. డిక్షనరీలో మొదటి అర్థం జబ్బే. మేనల్లుడు మెచ్చుకున్నదీ నిజమే. కానీ ఒక్క పదం వల్ల అక్కాతమ్ముళ్ల మధ్య రెండు రోజులు మాటలు ఆగాయి. అందుకే ఈ నెల పాఠం ‘సిక్’.

ఒక పదం, ఐదు అర్థాలు

1. జబ్బుగా ఉండటం: “షి ఈజ్ సిక్ టుడే.” సిక్ లీవ్ ఇందులోంచి వచ్చిందే.
2. వాంతి రావడం: “ఐ ఫీల్ సిక్ ఇన్ ద బస్.” బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఈ వాడుక ఎక్కువ.
3. విసుగెత్తడం: “ఐ యామ్ సిక్ ఆఫ్ ద ట్రాఫిక్.” వెనకాల ‘ఆఫ్’ ఉంటుంది.
4. క్రూరమైన, అసహ్యమైన: “ఎ సిక్ జోక్.” ఇతరుల బాధ మీద వేసే జోకు.
5. అద్భుతం: “యువర్ బ్యాటింగ్ వాజ్ సిక్!” ఇది యువత మాట. అమెరికాలో 1980లలో వాడుకలోకి వచ్చింది. స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్ చేసే కుర్రాళ్ల నోట బాగా వినిపించి, తర్వాత అందరికీ పాకింది. ఇప్పుడు డిక్షనరీలలోనూ ఉంది, పక్కన ‘స్లాంగ్’ అని రాసి ఉంటుంది.

చెడ్డ మాట మంచిదెలా అయింది?

మనకిది కొత్త కాదు. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ గల్లీ క్రికెట్ దగ్గరైనా నిలబడండి. సిక్స్ కొట్టినవాడిని “ఖతర్నాక్ కొట్టినవ్ రా” అంటారు. ఆ మాటకు అసలు అర్థం ‘ప్రమాదకరమైన’. ఉర్దూ, హిందీల నుంచి మన నోట్లోకి వచ్చి మెచ్చుకోలు అయింది. 2006లో రవితేజ సినిమాకు పేరు కూడా అయింది. అలాగే “పిచ్చ సూపర్”, “ఇరగదీశాడు” అంటాం. ఇరిగింది ఏమీ ఉండదు!

బాగుంది, బాగుంది అని పదిసార్లు అన్నాక ఆ మాటకు పదును పోతుంది. ఆశ్చర్యం చెప్పడానికి ఇంకా గట్టి మాట కావాలి. గట్టి మాటలు భయం, పిచ్చి, ప్రమాదం దగ్గర ఎక్కువ దొరుకుతాయి. పైగా పెద్దవాళ్లకు అర్థం కాకపోతే పిల్లలకు అదో సరదా.

ఇంగ్లిష్‌లో ఇది పాత అలవాటే. ‘టెరిఫిక్’ అంటే మొదట్లో భయం పుట్టించేది, ఇప్పుడు అద్భుతమైనది. ‘వికెడ్’ అంటే దుర్మార్గమైన, బ్రిటన్ కుర్రాళ్ల నోట సూపర్. 1987లో మైకేల్ జాక్సన్ తన ఆల్బమ్‌కు ‘బ్యాడ్’ అని పేరు పెట్టింది తనను తాను తిట్టుకోవడానికి కాదు. ‘ఆఫుల్’ మాత్రం ఎదురుదారిలో నడిచింది. భక్తితో కూడిన భయం కలిగించేది అనే అర్థం నుంచి ఘోరమైనది అనే అర్థానికి దిగింది.

ఎలా గుర్తుపట్టాలి?

మొదట, దేని గురించి అన్నారో చూడండి. మనిషి గురించి “హి ఈజ్ సిక్” అంటే చాలావరకు జబ్బే. ఆట, పాట, బండి, బొమ్మ గురించి అయితే మెచ్చుకోలు కావచ్చు. రెండోది, ఎవరన్నారో చూడండి. డాక్టర్ నోట ఒకటి, పదిహేనేళ్ల కుర్రాడి నోట ఇంకొకటి. మూడోది, పక్కన ఏముందో చూడండి. ఆశ్చర్యార్థకం, చప్పట్ల బొమ్మ ఉంటే సంతోషమే. ఇంకా అనుమానంగా ఉంటే అడిగేయండి. అడగడం చిన్నతనం కాదు.

పిల్లలకు ఒక జాగ్రత్త

ఆ అమ్మాయే యూనిట్ టెస్ట్‌లో “అవర్ లైబ్రరీ ఈజ్ సిక్” అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘తప్పు అర్థం’ అని పక్కన రాశాను. మీటింగ్ తర్వాత ఆ పేపర్ మళ్లీ తీశాను. అర్థం తప్పు కాదు, చోటు తప్పు. నా వ్యాఖ్య కొట్టేసి, ‘స్నేహితులతో ఓకే, పరీక్షలో వద్దు’ అని దిద్దాను. మార్కు మాత్రం కలపలేదు. పరీక్షలో, లీవ్ లెటర్‌లో, ఇంటర్వ్యూలో ‘ఎక్సలెంట్’, ‘ఇంప్రెసివ్’, ‘వండర్‌ఫుల్’ వాడాలి. కాలేజీ ప్రిన్సిపాల్ ముందు “ఖతర్నాక్ కాలేజీ సార్” అనం కదా!

ఇంట్లో ఐదు నిమిషాలు

రాత్రి భోజనాల దగ్గర ఈ వాక్యాలు చదివి, అర్థం పిల్లలనే చెప్పనివ్వండి.

క. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ సిక్.
ఖ. దట్ క్యాచ్ వాజ్ సిక్!
గ. వుయ్ ఆర్ సిక్ ఆఫ్ ఉప్మా.
ఘ. లాఫింగ్ ఎట్ ద యాక్సిడెంట్ వాజ్ సిక్.

జవాబులు: క. జబ్బు, ఖ. అద్భుతం, గ. విసుగు, ఘ. అసహ్యం.

తర్వాత మీ వంతు. మీ చిన్నప్పుడు ఊళ్లో ఏ తిట్టును మెచ్చుకోలుగా వాడేవారో పిల్లలకు చెప్పండి. వాళ్లు దాన్ని స్కూల్ డైరీలో రాసుకొస్తే క్లాసులో చదువుతాం.

ఆవిడ ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశారట. మేనల్లుడు అడిగింది ఒక్కటే: “అత్తా, అన్ని పువ్వులు పడిపోకుండా ఎట్ల నిలబెట్టినవ్?”

– ఇంగ్లిష్ టీచర్, అబ్దుల్లాపూర్‌మెట్ బ్రాంచి