పంద్రాగస్టు నుంచి బాలల దినోత్సవం దాకా: బడి మైదానం నేర్పిన పాఠాలు

నా ఉద్యోగమంతా వరంగల్ జిల్లా ఊళ్లలోని ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు, ఇద్దరో ముగ్గురో టీచర్లు, జెండా గద్దె, దాని వెనక వేపచెట్టు. ఏ ఊరికి బదిలీ అయినా బడి ఇంచుమించు ఇట్లాగే ఉండేది. జూన్ 12న తలుపులు తెరిస్తే జులై అయ్యేదాకా అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంల పనే సరిపోతుంది. పిల్లలు బడికి నిజంగా అలవాటు పడేది ఆ తర్వాతే. పంద్రాగస్టు ఆటల పోటీలు, ఆగస్టు 29న క్రీడా దినోత్సవం, సెప్టెంబర్ 5న గురుపూజోత్సవం, దసరా సెలవులకు ముందు బతుకమ్మ, నవంబర్ 14న బాలల దినోత్సవం... ఈ మూడు నెలలు బాగా నడిస్తే ఆ ఏడంతా పిల్లలు పిలవకుండానే బడికొస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు, వాళ్లకు తోడుండే తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలని ఈ పది మాటలు రాస్తున్నాను.

1. పీఈటీ కోసం ఎదురుచూడకండి

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బడికి ఆటస్థలం ఉండాలనీ, ప్రతి తరగతికీ ఆట వస్తువులు ఇవ్వాలనీ అందులో ఉంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుణ్ని పెట్టమన్నది మాత్రం ఆరు నుంచి ఎనిమిదో తరగతుల వరకు, అదీ పిల్లలు వంద మందికి మించి ఉన్నచోట. కాబట్టి ఐదో తరగతి లోపు పిల్లలను ఆడించాల్సింది తరగతి టీచరే. అందుకు మీరు క్రీడాకారులై ఉండాల్సిన పని లేదు. ఒక విజిల్, నాలుగు బంతులు, రెండు టెన్నికాయిట్ రింగులు, గట్టి తాడు, కాస్త ముగ్గుపిండి ఉంటే సరిపోతుంది. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటలో సగమైనా బడిలో దొరకాలి. ఆటల పీరియడ్‌ను లెక్కల సిలబస్‌కు అప్పివ్వకండి. అట్లా ఇచ్చింది మళ్లీ తిరిగి రాదు.

2. ముందు నేల చూడండి

వానలు వెనకబట్టేసరికి మైదానమంతా గడ్డి కమ్మేస్తుంది. గడ్డిలో అసలు ప్రమాదం నేల మీద పాకే పల్లేరు తీగతో. చిన్న పసుపుపచ్చ పూలతో అది ముచ్చటగా కనిపిస్తుంది. కాయ ఎండాక దాని ముల్లు వట్టి కాలిలో దిగితే ఆ పిల్ల కొన్నాళ్లపాటు పరుగు పేరెత్తదు. పల్లేరును పూత మీద ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకించాలి. కాయలు రాలాక పీకితే గింజలు మట్టిలోనే ఉండి వచ్చే వానలకు మళ్లీ మొలుస్తాయి. గాజు పెంకులు, తీగముక్కలు పెద్దవాళ్లే ఏరాలి, పిల్లల చేత ఏరించకూడదు. సర్పంచును అడిగి పంచాయతీ ట్రాక్టర్‌తో ఇసుక పోయిస్తే లాంగ్ జంప్ గుంట తయారవుతుంది. దూకించే ప్రతిసారీ ముందు ఆ ఇసుకను పారతో తిరగేయండి. రాత్రిపూట కుక్కలు పడుకునేది అందులోనే.

3. గీత ఎక్కడ గీస్తున్నారో ఆలోచించండి

చిన్నపిల్లలు పరుగు పందెంలో ముగింపు గీత దగ్గరికి రాగానే ఠక్కున ఆగిపోతారు, లేదా వెనక ఎవరొస్తున్నారో చూద్దామని తల తిప్పుతారు. వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. దీనికి తేలికైన ఉపాయం ఉంది. గీతకు పది పదిహేను అడుగుల అవతల ఒక టీచర్‌ను నిలబెట్టి, “ఆ టీచర్ చెయ్యి ముట్టి రండి” అని చెప్పండి. పందెం ఎవరు గెలిచారో గీత దగ్గర నిలబడ్డవాళ్లు చూసుకుంటారు, పిల్లలు మాత్రం వేగం తగ్గించకుండా గీత దాటేస్తారు. పరుగు ఎన్నడూ ప్రహరీ గోడకు ఎదురుగా ముగియకూడదు.

జట్లు కట్టేటప్పుడు తరగతి ఒక్కటే చూస్తే చాలదు. నాలుగో తరగతిలోనే ఒకరు నా భుజం దాకా ఉంటే ఇంకొకరు నడుం దాకా ఉండేవాళ్లు. ఎత్తును బట్టి వరసలో నిలబెట్టి, పక్కపక్కవాళ్లను ఒక పందెంలో వేస్తే ప్రతి పరుగూ హోరాహోరీగా సాగుతుంది. ఇంకో సంగతి. ఒకరికి స్పోర్ట్స్ షూ, ఒకరికి తెగిన స్లిప్పర్లు, ఒకరికి వట్టి కాళ్లు ఉంటాయి. నేల బాగుచేశారు కదా, అందరినీ వట్టి కాళ్లతోనే పరుగెత్తమనండి.

4. మొదట ఓడిన పిల్లను పక్కన కూర్చోబెట్టే ఆటలు తగ్గించండి

కుర్చీలాట అందరికీ ఇష్టమే. కానీ అందులో ముందుగా అవుటయ్యేది ఎవరు? కదలడానికి జంకే పిల్ల, కాస్త మందంగా ఉన్న పిల్లాడు. అంటే ఆట ఎక్కువ అవసరమైన వాళ్లే ఆట మొదలైన నిమిషానికి గోడ పక్కన చేరతారు. మిగిలిన సమయమంతా వాళ్లు చప్పట్లు కొట్టాలి. నేను రెండో వరస కుర్చీలు వేయించేదాన్ని. ఒకచోట అవుటైనవాళ్లు రెండోచోట చేరతారు, అక్కడ అవుటైనవాళ్లు మళ్లీ ఇక్కడికి వస్తారు. ఆట ముగిసేదాకా ఎవరూ ఖాళీగా ఉండరు.

ఈ వయసుకు ఖోఖో ఎంతో మంచిది. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదో వాళ్లు తరుముతారు. కూర్చున్నవాళ్లు కూడా “ఖో” ఎప్పుడు పడుతుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని ఉండాలి. వేగం తక్కువైన పిల్ల కూడా సమయానికి లేస్తే జట్టును గెలిపించగలదు. ఏడు పెంకులాట కూడా అట్లాంటిదే. బంతి గురిచూసి కొట్టేవాళ్లు, పెంకులు పేర్చేవాళ్లు, తప్పించుకునేవాళ్లు, అందరికీ పనుంటుంది. తాడులాట పెడితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. తాడును ఎవరూ మణికట్టుకు చుట్టుకోకూడదు. సన్నతాడు అసలే వద్దు, బావి మోకు లాంటి లావుపాటిదే వాడాలి.

5. అన్నం తిన్నాక నీడపట్టు ఆటలు

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వాన పడని రోజు ఎండ చిటచిటలాడుతుంది. పరుగులు పొద్దున ప్రార్థన అయిన వెంటనే గానీ, సాయంత్రం ఆఖరి పీరియడ్‌లో గానీ పెట్టుకోండి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే మాత్రం వరండాలో అష్టాచెమ్మా ఆడించండి. సుద్దముక్కతో నిలువుకు ఐదు, అడ్డానికి ఐదు గళ్లు గీస్తే చాలు. గవ్వలు దొరక్కపోతే చింతగింజలను గచ్చు మీద ఒకవైపు అరగదీయాలి. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. కూడికలు రాక పలక దగ్గర ఏడ్చిన పిల్లాడు ఇక్కడ తన కాయ ఎన్ని గళ్లు దాటితే ఎదుటివాడి కాయ చస్తుందో చూపుతోనే లెక్కకట్టేస్తాడు. వామనగుంటలు, కచ్చకాయలు కూడా ఈ వేళకు సరిపోయే ఆటలే.

6. సెప్టెంబర్ 5న మాట్లాడని పిల్లకు బెత్తం ఇవ్వండి

గురుపూజోత్సవం నాడు చాలా బడుల్లో స్వపరిపాలన ఉంటుంది. ఒకరు హెడ్‌మాస్టర్, ఒకరు ఎంఈవో, మిగిలినవాళ్లు టీచర్లు. ప్రతి ఏడూ మొదటి ర్యాంకు పిల్లలకే ఈ వేషాలు దక్కుతుంటాయి. అది మార్చండి. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు పిలిస్తే చెయ్యెత్తడం తప్ప నోరు విప్పేది కాదు. ఆ రోజు అమ్మ చీరను నాలుగు మడతలు వేసి, పిన్నులతో బిగించుకుని వచ్చింది. ఒకటో తరగతికి పంపాం. నేను కిటికీ పక్కన నిలబడి చూశాను. ముందు బోర్డు మీద తారీఖు రాసింది. తర్వాత అటెండెన్స్ రిజిస్టర్ మీద వేలు పెట్టి ఒక్కో పేరూ గట్టిగా చదివింది. ఒక చిన్నోడు ఏడుపు అందుకుంటే బెత్తం బల్ల మీద పెట్టి, కొంగుతో వాడి ముక్కు తుడిచి, “ఏడ్వకురా, ఇంటర్వెల్ అయినంక ఆడుకుందాం” అని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ మాట, ఆ తుడవడం ఎవరిని చూసి నేర్చుకుందో మా టీచర్లందరికీ తెలుసు. పిల్లలు మనల్ని ఎట్లా చూస్తున్నారో చెప్పే రోజు అది. వేషం ఎవరికివ్వాలో నిర్ణయించేటప్పుడు మార్కుల రిజిస్టర్ మూసిపెట్టండి.

7. బతుకమ్మను పిల్లల చేతులకు వదిలిపెట్టండి

దసరా సెలవులు ఇచ్చే ముందు బడిలో బతుకమ్మ ఆడించడం మా దగ్గర ఆనవాయితీ. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక ఇంకా ఘనంగా జరుగుతోంది. ఘనత పెరిగినకొద్దీ టీచర్లూ తల్లులూ కలిసి పెద్ద బతుకమ్మ పేర్చి, పిల్లలను చుట్టూ నిలబెట్టి ఫొటో తీయడంతో సరిపెట్టేస్తున్నారు. అట్లా చేయకండి. గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లలకే బాగా తెలుసు. పెద్దవాళ్లు తోడుండి చెలకల గట్ల దాకా తీసుకెళితే చాలు. మగపిల్లలను కూడా తీసుకెళ్లండి. గునుగు కాడలు ఒకే పొడవున కత్తిరించి, తలలకు రంగులద్ది, వరస మీద వరస గుండ్రంగా పేర్చడమంటే కొలతల పాఠం, చేతి పని ఒకేసారి అయినట్టే. అది వంకరగా వచ్చినా సరే, పిల్లలు పేర్చిన బతుకమ్మే మధ్యలో ఉండాలి. తర్వాత వలయంగా తిరుగుతూ, వంగుతూ, లేస్తూ, చప్పట్లు కలుపుతూ అరగంట ఆడితే ఏ డ్రిల్లూ దానికి సాటిరాదు. ఏ మతం పిల్లలైనా వలయంలో చోటు ఒకటే. ఆడాలా చూడాలా అన్నది వాళ్ల ఇష్టానికి వదిలేయండి.

8. వెనకబడ్డ బిడ్డ దగ్గరికి ముందు వెళ్లండి

పందెంలో ముందు వచ్చినవాళ్లను అందరూ చూస్తారు. టీచర్ కళ్లు ఆఖరున వచ్చేవాళ్ల మీద ఉండాలి. నాలుగు అడుగులకే ఆయాసపడే పిల్లకు రక్తం తక్కువ ఉండొచ్చు. ఎదురుగా వచ్చే బంతిని పట్టలేని పిల్లాడికి చూపు సరిగా లేకపోవచ్చు. ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు వేసేటప్పుడు బడికి వచ్చే ఏఎన్ఎంకు ఈ సంగతులు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందం వచ్చినప్పుడు పేర్లు రాసివ్వండి. పరీక్ష పేపర్‌లో కనపడని జబ్బులు మైదానంలో కనపడతాయి.

మా జిల్లాలోనే పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన జీవంజి దీప్తి సంగతి ప్రతి టీచరూ తెలుసుకోవాలి. ఆమెకు మేధో వైకల్యం ఉంది. చిన్నప్పుడు చుట్టుపక్కలవాళ్ల చేత మాటలు పడింది. ఆమె పరుగులోని వేగం ముందుగా పట్టుబడింది బడిలోనే. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ప్రతి బడిలో ఒక దీప్తి ఉంటుందని నేను అనను. “దానికేం రాదులే” అని ఊరంతా పక్కన పెట్టిన బిడ్డకు కూడా పరుగు గీత దగ్గర చోటివ్వడం మన పని అని మాత్రం గట్టిగా చెబుతాను.

9. వేదిక చిన్నగా, నీడ పెద్దగా

బహుమతుల రోజున పిల్లలను ఎండలో కూర్చోబెట్టి పెద్దలు టెంటు కింద ఉపన్యాసాలివ్వడం చాలాచోట్ల చూశాను. టెంటు ఒక్కటే ఉంటే అది పిల్లలది. అతిథులను ముందే కలిసి, రెండు మాటల్లో ముగించమని మర్యాదగా అడగండి, కాదనేవాళ్లు తక్కువ. దాతలు ఇచ్చిన స్టీలు గిన్నెలు, ప్లేట్లు మొదటి ముగ్గురికి ఇచ్చినా, ఆడిన ప్రతి బిడ్డ చేతికీ పెన్నో పెన్సిలో అందాలి. పేరు మైకులో వినపడాలి. తన పేరు మైకులో విన్న బిడ్డ ముఖం చూడండి, బహుమతి అదేనని అర్థమవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఓడి వచ్చిన బిడ్డతో “నీకన్నా చిన్నోడు గెలిచిండు కదరా” అనకండి. “మంచిగ ఉరికినవ్ బిడ్డా, దా, నీళ్లు తాగు” అనండి. రెండో మాట విన్న బిడ్డ మళ్లీ పరుగెత్తుతాడు.

10. నవంబర్ 15న లెక్క చూసుకోండి

బాలల దినోత్సవంతో ఈ సందడి ముగుస్తుంది. ఎన్ని పోటీలు పెట్టాం, ఎన్ని ఫొటోలు గ్రూపులో పెట్టాం అన్నది రిజిస్టర్‌కు సరిపోతుంది. అసలు లెక్క మర్నాడు ఇంటర్వెల్‌లో తేలుతుంది. విజిల్ వేయకుండానే పిల్లలు మైదానంలోకి వస్తున్నారా? నిన్న ఓడినవాళ్లు వాళ్లలో ఉన్నారా? ఆడపిల్లలు గోడ పక్కన నిలబడకుండా మధ్యలోకి వచ్చారా? ఐదో తరగతివాళ్లు ఒకటో తరగతివాళ్లకు ఆట నేర్పుతున్నారా? వీటికి అవునని చెప్పగలిగితే మీ మూడు నెలల కష్టం ఫలించినట్టే. కాదని తేలితే డిసెంబర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ప్రాథమిక పాఠశాలలో ఆటలు పెట్టేది ఛాంపియన్లను ఏరడానికని అనుకోకండి. ఒంటిని కదిలించడం, ఓడినా మళ్లీ వరసలో నిలబడడం, పక్కవాడికి చోటివ్వడం ఈ వయసులో అలవాటైతే జీవితాంతం ఉంటాయి. ఆ అలవాటు ఆఖరి పిల్లకు కూడా చేరేదాకా ఆడించండి.