బుద్ధి పుట్టేదాకా ఆగకు



పగలంతా అశోక్‌నగర్ గదిలో పడుకుని, రాత్రంతా ఫోన్ చూస్తూ తెల్లార్చేస్తున్నావట. "బద్ధకం ఎక్కువైంది వదినా" అంది మీ అమ్మ. ఇన్నేళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకా మాట మింగుడు పడలేదు. బద్ధకస్తుడు సినిమాకి రమ్మంటే లేచొస్తాడు. నువ్వు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కనే ఉండి సినిమాకీ పోవట్లేదట, టీ కూడా సహించట్లేదట.

"చదవబుద్ధి కావట్లేదు, అయ్యాక మొదలెడతా" అన్నావట. తిరకాసు అక్కడే ఉంది. దిగులులో బుద్ధి ముందు పుట్టదురా, పని మొదలయ్యాక వెనకాల మెల్లగా వస్తుంది. మంచానికి అంటుకుపోయేకొద్దీ మనసుకు హాయినిచ్చేవి తగ్గుతాయి, అవి తగ్గేకొద్దీ దిగులు ముదురుతుంది. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ చక్రాన్ని పని వైపు నుంచే తిప్పాలన్నాడు. ఆ వైద్యం ఇప్పటికీ చేస్తున్నారు.

అందుకని రేపు పది గంటల చదువు పెట్టుకోకు. స్నానం చేసి చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడు, పేపరు తిరగేసి వచ్చెయ్. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మార్చకు. ఉద్యోగ నోటిఫికేషన్ల గ్రూపుల్ని కొన్నాళ్లు మ్యూట్‌లో పెట్టు. పరీక్ష వాయిదా పడితే అది నీ తెలివికి కొలతా?

ఈ దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే మాత్రం డాక్టర్ని కలవాల్సిందే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపించుకో. వాటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే వాడిపోతాడు. అవి బాగుండి, మనసుకే మందు రాస్తే వేసుకో. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు మింగి పారేసినవాళ్లని చాలామందిని చూశాను. నీ అంతట నువ్వు ఆపకు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అంటే మనవాళ్లు ఇంకా నవ్వుతారు, నవ్వనీ. అక్కడ ఓపీలో చూపించుకుని ఇంటికొచ్చేయొచ్చు.

ఇంకోటి సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీ అమ్మ భయం. పుట్టదు. అలా అనిపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్, గదిలో ఒంటరిగా ఉండకు. నేను ఎత్తకపోతే 14416. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ అది. ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. శనివారం మామయ్య వస్తున్నాడు, ఆవకాయ పంపుతున్నా. ఆయన పెద్దగా మాట్లాడడు, నీకూ అదే నయం. రక్తపరీక్షకి తోడొస్తాడు. రిపోర్టులు ఫొటో తీసి నాకు పంపు.

మీ అత్త